బండి గోత్రం ఏమిటండీ?

పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి కొత్త బండిని తీసుకెళ్లడం మా గుంటూరు వైపు రిజిస్ట్రేషన్ కన్నా ముఖ్యమైన పని. నంబరు ప్లేటు లేకుండా నెల రోజులైనా తిరుగుతాం గానీ, పూజ కాకుండా కాజ టోల్‌గేటు దాటం. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, దిష్టికి గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. అంతా పద్ధతిగానే జరుగుతుంది. కాకపోతే ఈమధ్య కొన్ని బళ్లు షోరూము నుంచి నేరుగా గుడికి రావడం లేదు. దారిలో వీల్స్ షాపు దగ్గర ఆగి, కంపెనీ ఇచ్చిన చక్రాలు ఊడదీయించుకుని, వాటికి రెండింతలు మెరిసేవి తొడిగించుకుని మరీ వస్తున్నాయి. హైవే పక్క ఊళ్లలో ఎకరం రేటు పెరిగితే ముందు పెరిగేది టైరు సైజే.

మావాడొకడు అలాగే వచ్చాడు. పంతులుగారు సంకల్పంలో వాడి గోత్రం అడిగారు, నక్షత్రం అడిగారు, ఇంటిల్లిపాది పేర్లూ చదివారు. బండి గోత్రం మాత్రం అడగలేదు. పంతులుగారిది తప్పు కాదు, ఆ ప్రశ్న వీల్స్ షాపువాడు అడగాలి. బండికీ గోత్రం ఉంది. దాన్ని పీసీడీ అంటారు. బోల్టు రంధ్రాల నడుమల మీదుగా వృత్తం గీస్తే దాని వ్యాసం ఎంతో, అది. మారుతి జిమ్నీకి 5 బోల్టులు, 139.7 మిల్లీమీటర్లు. ఫార్చ్యూనర్‌కి వృత్తం అదే 139.7, బోల్టులు మాత్రం 6. ఇన్నోవా క్రిస్టాకి బోల్టులు 5 అయినా వృత్తం 114.3. మనుషుల్లో సగోత్రమైతే పెళ్లి కుదరదు. ఇక్కడ సగోత్రం కాకపోతే కుదరదు. కుదరనిచోట కూడా అడాప్టర్ వేసి ముడిపెట్టే పేరయ్యలు ప్రతి ఆటోనగర్‌లోనూ ఉంటారు, అది వేరే సంగతి.

గోత్రం కలిశాక నక్షత్రం చూడాలి. అది రిమ్ము నడిమి రంధ్రం. ఫార్చ్యూనర్‌కి 106.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే రిమ్ములకు పది రకాల బళ్లకి పనికొచ్చేలా ఈ రంధ్రం కాస్త పెద్దదిగానే పెడతారు. మిగిలిన సందులో రింగు వేసి హబ్బు మీద బిగుతుగా కూర్చోబెట్టాలి. రింగు మరిచి చక్రం వెంట్రుకవాసి పక్కకి కూర్చుందో, వేగం అందుకున్నాక స్టీరింగు వణకడం మొదలెడుతుంది. అప్పుడు మావాడికి రాహువు మీద అనుమానం వస్తుంది. రాహుకేతు పూజకీ పెదకాకాని పేరున్నదే కదా, మళ్లీ అక్కడికే వస్తాడు.

అసలు కథ ఆఫ్‌సెట్ దగ్గరుంది. హబ్బుకి ఆనే ముఖం రిమ్ము నడిమధ్య గీతకి ఎంత ఎడంగా ఉందో చెప్పే అంకె అది. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం మడ్‌గార్డు దాటి బయటికి వస్తుంది. మావాడికి కావలసింది ఇదే. 'బండి కాళ్లు చాపి నిలబడాలన్నా' అన్నాడు షాపువాడితో. నిలబడింది. బేరింగుల మీద భారం పెరిగింది, గుంట వచ్చినప్పుడల్లా స్టీరింగు చేతిలోంచి లాక్కుంటోంది. మొదటి వానకి పత్తిచేల రేగడంతా డోర్ల మీదికి, ఆపైన అద్దాల మీదికి, రోడ్డు పక్కన పంచె కట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి మీదికి సమానంగా పంచింది.

సైజు సంగతీ చూద్దాం. థార్‌కి కంపెనీ ఇచ్చే సైజుల్లో 255/65 ఆర్18 ఒకటి. దాని చోట 285/65 ఆర్18 వేస్తే టైరు ఎత్తు దాదాపు 39 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి నేల నుంచి లేచేది అందులో సగమే. అంటే ఇంత ఖర్చుకీ దక్కింది అర నిమ్మకాయ ఎత్తు. మీటరు మాత్రం అయిదు శాతం వెనకబడుతుంది. పాత టైర్లతో 100 చూపించే వేగంలో ఇప్పుడు 95 దగ్గరే ఆగుతుంది. స్పీడ్ గన్‌కి ఈ లెక్కతో పనిలేదు. తిరిగిన కిలోమీటర్లూ అంతే తక్కువ చూపిస్తుంది కాబట్టి, బండి అమ్మేరోజున ఈ ముచ్చటలో కలిసొచ్చే లాభం అదొక్కటే.

ఇక బరువు. టైరు మీద 112 అని ఉంటే అది ఒక్కటి 1120 కిలోలు మోస్తుందని అర్థం. రిమ్ముకీ అలాంటి హద్దు ఉంటుంది. గుంటూరు యార్డులో మిర్చి తేమ చూసి, తాలు ఏరి, తొడిమ పట్టుకుని మరీ నాణ్యం చెప్పే రైతు, అదే మిర్చి టిక్కీలు ఎక్కించే పికప్‌కి రిమ్ములు మెరుపు చూసి కొంటాడు. లారీ యజమానిని చూడండి. 10.00 ఆర్20 టైర్లు మార్చి ట్యూబ్‌లెస్ 295/80 ఆర్22.5కి వెళ్లాలంటే రిమ్ములూ మారాలని తెలుసు. వెనక జంట టైర్ల మధ్య సందు తగ్గితే ఒకదాన్నొకటి ఒరుసుకుని వేడెక్కుతాయనీ తెలుసు. అందం గురించి అతనికి మోజు లేక కాదు, ఆ సరదా అంతా వెనక డోరు మీద బొమ్మలతో తీర్చుకుంటాడు.

చట్టం సంగతి కూడా ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మౌలిక స్పెసిఫికేషన్లు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అన్నారు. నాలుగు చక్రాలు కలిపి ఒక మార్పా, నాలుగు మార్పులా అన్నది లాయర్లు తేల్చుకోవాలి. స్టెప్నీ మాత్రం నిర్దోషి. డబ్బు చాలక మావాడు దాన్ని పాత సైజులోనే ఉంచేశాడు.

చక్రం సరిపోయిందో లేదో తేల్చడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. డబ్బు ఇచ్చేముందు స్టీరింగు ఎడమకి ఆఖరుదాకా, కుడికి ఆఖరుదాకా తిప్పాలి. వెనక నలుగుర్ని కూర్చోబెట్టుకుని ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించాలి. కిర్రుమంటే ఎక్కడో తగులుతున్నట్టు. మావాడి బండి షాపు గుమ్మంలోనే కిర్రుమంది. 'నాలుగు రోజులు తిరిగితే అరిగి అదే సెట్టయిపోద్దన్నా' అన్నాడు షాపువాడు. అరిగేది టైరా, మడ్‌గార్డా అని మావాడు అడగలేదు. దుర్ముహూర్తం వచ్చేలోగా పూజ అయిపోవాలని తొందరలో ఉన్నాడు.