సీసం ధర, పైన ఐదో వంతు

పాత నాణేలు కొంటామంటూ తన పేరు, చిహ్నం వాడుకొని రుసుములు, కమీషన్లు, పన్నులు అడిగేవారి వలలో పడవద్దని, అటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని, వాటికోసం ఎవరికీ ఏ అధికారమూ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటించింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు లక్షలొస్తాయని నమ్మి పెట్టెలు బోర్లించినవారికి ఇంతకంటే హితవు ఏముంటుంది? పాత నాణేనికి వెల కట్టేదెవరన్న సంగతి ఆ ప్రకటనలో లేకపోయినా చింతించనక్కరలేదు, ఎందుకంటే ఆ వెలను ప్రభుత్వం 1878లోనే కట్టేసింది.

ఆ ఏడాది వచ్చిన భారత గుప్తనిధుల చట్టం ప్రకారం గుప్తనిధి అంటే మట్టిలో దాగి దొరికిన, ఏ కొంచెమైనా విలువగల వస్తువు; దాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, లేకుంటే ఏడాది వరకు జైలు పడవచ్చు. నిధిని ప్రభుత్వమే తీసుకోదలిస్తే ఎంత చెల్లించాలో పదహారో సెక్షన్ మూలపాఠం చెబుతుంది: ఆ వస్తువులోని పదార్థం ధర, దానిపైన ఐదో వంతు. నాణెం ఏ రాజుది, ఎంత అరుదైనది, అచ్చు ఎంత చెదరకుండా ఉంది, ఏ నేలలో ఎంత లోతున దొరికింది అంటూ నాణేశాస్త్రజ్ఞులు, అంటే నాణేల ఆధారంగా చరిత్రను పరిశీలించేవారు, పెట్టుకునే తలనొప్పులన్నిటినీ ఈ కాటా శాస్త్రం ఒక్క తూకంతో తీర్చేసింది.

శాస్త్రానికి ప్రయోగం అవసరం కనుక, కృష్ణా జిల్లా తీరంలోని పాలకాయతిప్పలో రొయ్యల చెరువు తవ్వుతుండగా శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాటి ఓడ బొమ్మ గల సీసపు నాణెం ఒకటి బయటపడిందని ఊహించవచ్చు. రెండు తెరచాప కొయ్యలతో ఉండే ఆ ఓడ, శాతవాహనుల కాలంలో ఈ తీరానికి సముద్ర వర్తకం ఉండేదని చెప్పే సాక్ష్యమే కావచ్చు గాని, కాటాకు ఓడ బరువు తెలియదు. నాణెం ఐదు గ్రాములు, సీసం కిలో రెండు వందలు అనుకుంటే పదార్థం ధర ఒక రూపాయి, ఐదో వంతు కలిపితే రూపాయి ఇరవై పైసలు. నేల యజమాని కూడా హక్కుదారుడైతే, చట్టం చెప్పిన పంపకం ప్రకారం దొరికినవారికి ముప్పాతిక వంతు, అంటే తొంభై పైసలు, యజమానికి ముప్పై పైసలు దక్కుతాయి. ఇరవై ఐదు పైసలు, అంతకు తక్కువ బిళ్లలు 2011 జూన్ 30తో చెలామణి నుంచి తప్పుకున్నాయి కనుక ఆ చిల్లర కోసం ఖజానా వారు పాత నాణేలు సేకరించేవారి దగ్గరికి వెళ్లాలి. అక్కడ దొరికే ఇరవై పైసల బిళ్లను కూడా అల్యూమినియం ధరకు ఐదో వంతు కలిపే కొనాలి. ఆ ఐదో వంతుకు మళ్లీ చిల్లర వెతకాలి.

ఇంత పటిష్ఠమైన సూత్రాన్ని నాణేలకే పరిమితం చేయడం మిగతా జిల్లాకు అన్యాయం. హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయాన్ని రాయి ధరకు, బందరు కలంకారీని తాను ధరకు, కూచిపూడి నాట్యాన్ని గజ్జెల ఇత్తడి ధరకు ఐదో వంతు కలిపి లెక్కించవచ్చు. చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు రాగి వెల కట్టినా అభ్యంతరం ఉండదు గాని, భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య రూపుదిద్దిన జెండాకు గుడ్డ వెల కట్టే గుమాస్తాను పంద్రాగస్టుకు ముందే నియమించాలి. రిజర్వు బ్యాంకు తన ఐదు వందల నోటుకు కాగితం ధరను, పైన ఐదో వంతును చెల్లించి ఆదర్శంగా నిలిస్తే, ఉద్యోగుల జీతాలు కూడా ఆ లెక్కనే ఇచ్చి ఖజానాను గట్టెక్కించవచ్చు.

అయితే చట్టం రాసినవారికి నాణెమంటే లోహం కాదని తెలియకపోలేదు. ఈ తీరం ఉన్న ఉత్తర సర్కారుల కోసం రూపాయికి నలభై ఎనిమిది చొప్పున చెల్లే రాగి నాణేలను బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో 1794లోనే ఆవిరి యంత్రాలపై అచ్చు వేయించి ఓడల్లో తెప్పించింది వారికి ముందు ఇక్కడ పాలించిన ఈస్టిండియా కంపెనీయే. తమ ముద్రకు విలువ ఉండాలి, మట్టిలో దొరికిన ఇతరుల ముద్రకు మాత్రం లోహపు వెల చాలు: పాలించడానికి వచ్చినవారి న్యాయం అది. వారు వెళ్లి ఏడు దశాబ్దాలు దాటినా అదే సెక్షన్ పుస్తకంలో కూర్చొని ఉండటానికి ఎవరి న్యాయం కారణం?

1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇళ్లను, మనుషులను, కాగితాలను ఊడ్చుకుపోయిన, పాలకాయతిప్ప ఉన్న ఈ దివిసీమలో, చాలా కుటుంబాలకు నేల కింద మిగిలినదే చరిత్ర. చెరువు తవ్వకంలో అలాంటి నాణెం కనబడ్డ కూలీకి, బజారులో దాని విలువ పది రూపాయలు దాటితే, చట్టం చూపిస్తున్నది ఒకవైపు జైలు, మరోవైపు తొంభై పైసలు. అతడు దాన్ని కరిగించి వల అంచుకు సీసపు గుండుగా కట్టుకుంటే అది అజ్ఞానం కాదు, ప్రభుత్వం నేర్పిన లెక్క. కరిగిన నాణెంతో పాటు అది దొరికిన చోటు, లోతు, పక్కనున్న కుండపెంకులు చెప్పగలిగిన సంగతులన్నీ పోతాయి, వాటిని ఏ వేలంపాటలోనూ తిరిగి కొనలేరు. పేదవాడి దగ్గర రుసుము గుంజే మోసగాడిని జైల్లో పెట్టవలసిందే. కానీ నిజాయితీగా నాణెం తెచ్చి అప్పగించేవాడికి తుక్కు ధర రాసిపెట్టి, మోసపోవద్దని అతడికే హితబోధ చేసే ప్రభుత్వానికి సిగ్గుండాలి. ముందు ఆ సెక్షన్‌ను కొట్టేసి, నాణేనికి నాణెం వెల ఇచ్చి, దొరికిన చోటును నమోదు చేసే మనిషిని మండలానికి ఒకరిని పెట్టి, ఆ తర్వాత ప్రకటనలు ఇవ్వాలి.