దంతవైద్య ప్రవేశ దీపిక

ఏటేట నీట్ ఫలితములు వెలువడిన మఱునాటినుండి మన యిండ్లలో ఒక విచిత్రమైన శోకము ప్రారంభమగును. ఎవరును గతింపలేదు, పిల్లవాడు పరీక్ష తప్పను లేదు, అర్హత మార్కులు దాటి, లక్షలమందిని వెనుకకు నెట్టి, ఒక ర్యాంకు తెచ్చుకొని ఇంట కూర్చున్నాడు. అయినను పరామర్శకు వచ్చినవారు గుమ్మములో చెప్పులు విడుచుచునే గొంతు తగ్గించి, "ఎంబీబీఎస్ రాదటగా వదినా? పోన్లే, డెంటల్ అయినా వస్తుందా?" అని యడుగుదురు. నేనును అడుగుదును, మీరును అడుగుదురు. ఎటులైనను అడుగక మానము గనుక, ఈ యాచారమునకు శాస్త్రీయమైన రూపము కల్పించి, దంతవైద్య కళాశాలలో సీటు గోరు విద్యార్థులకును, వారికంటె నెక్కువగా గోరు తలిదండ్రులకును ఉపయోగపడునట్లు ఈ దీపికను వెలిగించుచున్నాను.

ప్రథమ సూత్రము: దరఖాస్తు చేయవచ్చును గాని, దంతవైద్యమును అభిలషింపరాదు. ఎంబీబీఎస్‌కును బీడీఎస్‌కును ప్రవేశపరీక్ష యొక్కటియే యగుటచే, విద్యార్థి దేనికొఱకు చదువుచున్నాడో బయటివారు కనిపెట్టు నవకాశము లేదు. ఈ సౌకర్యమును నిలుపుకొనవలెను. పొరపాటున ఏ బాలికయో "నాకు పళ్ల డాక్టరు కావాలనే ఉంది" అని నలుగురిలో పలికినచో, ర్యాంకు రాదని ముందే గ్రహించి సాకు వెదకుకొనుచున్నదని బంధువులు నిశ్చయింతురు. అదే సీటును ఏడ్చి యొప్పుకొన్నవానిని మాత్రము వివేకవంతుడని మెచ్చుకొందురు.

ద్వితీయ సూత్రము: పదవ తరగతి మెమో, ఇంటరు మార్కుల పట్టిక, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము - వీనిలో ఏది లేదో అది అప్‌లోడు గడువు ముగియు రాత్రియే, మీసేవా కేంద్రము మూసిన పిమ్మటనే తెలియవలెను. తెలంగాణలో పుట్టి పెరిగిన పిల్లవానిని ర్యాంకు నిమిత్తము విజయవాడ హాస్టలులో రెండేండ్లు చదివించి తెచ్చుకొన్నవారు, ఇంటరుతో ముగియు నాలుగేండ్ల చదువును రాష్ట్రములోనే సాగించినవారికే సాధారణముగా స్థానికత లభించునను నిబంధనను అప్పుడే తొలిసారి చదువుట సంప్రదాయము.

తృతీయ సూత్రము: చేతుల ప్రసక్తి తేరాదు. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. దంతవైద్యము ప్రధానముగా చేతి పని. అద్దములో తలక్రిందుగా కనబడు ఒక చీకటి మూలలో, ఊపిరి పీల్చుచు, ఉమ్మి మ్రింగుచు, భయముతో కదలుచున్న మనుష్యుని నోట, వెండ్రుకవాసి తేడా రాకుండ చేయవలసిన పని. ఇక ప్రవేశపరీక్షయో, 720 మార్కులకు 180 ప్రశ్నలు: భౌతికశాస్త్రము 45, రసాయనశాస్త్రము 45, జీవశాస్త్రము 90. వాలుతలముపై జారు దిమ్మె వేగమెంత యని యడుగుదురు గాని, నీ వ్రేళ్లు వణకునా యని యొక్క ప్రశ్నయు నుండదు. అమెరికాలో దంతవైద్య ప్రవేశపరీక్షయందు కాగితపు మడతలను, కోణములను, పేర్చిన ఘనములను చూపి అభ్యర్థి కన్నును పరీక్షించు భాగమొకటి కలదు. ఒకప్పుడు సుద్దముక్క నిచ్చి చెక్కించెడివారు గూడ. కంసాలి సైతము కుంపటియొద్ద కూర్చుండబెట్టుటకు ముందు కుఱ్ఱవాని వ్రేళ్లు చూచును. మన పద్ధతి యంతకంటె ఉదారమైనది. తల్లి అన్నము కలిపి ముద్దలు నోటికందించుచుండ బిట్లు చేసిన చేయి, రెండేండ్లపాటు ఓఎమ్మార్ వలయములను నల్లబఱచుట తప్ప మఱేపనియు నెఱుగని చేయి, మొదటి సంవత్సరము ప్రయోగశాలలో ఒక మైనపు దిమ్మెను, ఒక సన్నని చెక్కుడు పరికరమును అందుకొని, దానినుండి దంతమును పుట్టింపవలెను. మొదటి దంతము గులకరాయివలెను, రెండవది మొదటిదానివలెను ఉండును.

ఇంతవఱకు పరిహాసమే. కాని ఆ దిమ్మెలు చెక్కి చెక్కి, ఏ మధ్యాహ్నమో తన చేతిక్రింద ఒక దంతపు శిఖరమును, దాని ప్రక్క పల్లమును సరిగా దిగుట చూచి, ఇది నాకు చేతనగునని తెలిసికొన్న విద్యార్థులు లేకపోలేదు. ఆ సంతోషమును చెప్పుకొందమని ఇంటికి ఫోను చేసినచో, అవతలనుండి, "మళ్లీ నీట్ రాస్తావేమిట్రా?" అని వినబడును. బిడ్డ సంతోషము మొదలైన వేళకు మన శోకము ముగియకుండుటయే ఈ వ్యవహారమంతటిలో నాకు నవ్వురాని భాగము.

చతుర్థ సూత్రము: వెబ్ ఆప్షన్లు తండ్రి చెప్పవలెను, మేనమామ సవరింపవలెను, పొరుగింటి ఇంజనీరు తారుమారు చేయవలెను, ఓటీపీ వచ్చు ఫోను ఎవరి చేతనున్నదో వారిదే తుది నిర్ణయము. హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంత కళాశాలలను ముందు పెట్టవలెనని అందఱికిని తెలియును. తక్కినవానిని బస్సు సౌకర్యమును బట్టి పేర్చవలెను. అభ్యర్థి అందఱకును టీ అందింపవలెను.

పంచమ సూత్రము: మేనేజ్‌మెంటు కోటాలో చేరువారు ఫీజును ఎకరములలో లెక్కించుట మేలు, రూపాయలలో లెక్కించినచో భయము కలుగును.

షష్ఠ సూత్రము: "లాంగ్ టర్మ్ పెడితే ఎంబీబీఎస్ వచ్చేదేమో" అను వాక్యమును నాలుగేండ్ల చదువునకును, ఏడాది ఇంటర్న్‌షిప్‌నకును చాలునంతగా నిలువచేసికొనవలెను.

సప్తమ సూత్రము: దంతములను గూర్చి పిల్లలకు ఏమియు చెప్పరాదు. శ్రీకాకుళము ప్రాంతపు పల్లెలలో కొందఱు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగుదురనియు, ఆ వేడికి అంగిలిపై పుట్టు మచ్చలు కొందఱియందు క్యాన్సరుగా పరిణమించుననియు, నోరు తెఱపించి చూచు వృత్తిలోనున్నవాడు దానిని వేళకు పట్టుకొనగలడనియు చెప్పరాదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు త్రాగి పెరిగిన బిడ్డల పండ్లపై గోధుమవన్నె చారలు పడుననియు, నీటిలోని దోషమునకు ఎముకలకంటె ముందుగా పండ్లే సాక్ష్యము పలుకుననియు చెప్పరాదు. చెప్పినచో ఆ వృత్తిపై గౌరవము కలుగు ప్రమాదమున్నది.

నిజమునకు మనము దాచుటయు లేదు, మనకే పట్టలేదు. నిద్ర చెడువఱకు పన్నొకటి యున్నదనియే తలంపము. రాత్రి రెండు గంటలకు లవంగము నమలుచు, దవడ పట్టుకొని, తెల్లవారుట యెప్పుడా యని గడియారము చూచునపుడు మాత్రము, మనకు కావలసినది ఎంబీబీఎస్ తప్పి వచ్చినవాడు గాదు; ఈ పనినే మొదట కోరి, దీనికొఱకే చేయి సాధించి వచ్చినవాడు. అట్టివాడు ఎచ్చటనో ఒకచోట పుట్టవలెనని మనసార కోరుదుము. వాడు మన యింట మాత్రము పుట్టనక్కఱలేదు.

అష్టమ సూత్రము: నాడు "డెంటలేనా" యని పెదవి విఱిచిన పెద్దమ్మను మఱువరాదు. మూడవ సంవత్సరమునుండి విద్యార్థికి చికిత్స చేయుటకు నోళ్లు కావలెను. ఆమెకు పైదవడ కట్టుడుపండ్లు కావలెను. మేనేజ్‌మెంటు కోటాకు గూడ లొంగని కుటుంబ గౌరవము ఉచిత చికిత్సకు లొంగును.

చరమ సూత్రము: సీటు వచ్చిననాడు శోకమును ఒక పూట నిలిపి, "ఎండీఎస్ కూడా చేయిస్తాంలెండి" అను సమాధానముతోపాటు ఇంటింటికిని మిఠాయిలు పంచవలెను. దంతవైద్య విద్యకు తీపితోడి సంబంధము మనము కల్పించినది గాదు. ఈ దేశమున తొలి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్, దాని వ్యయమునకై న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అను పేర ఒక శీతలపానీయముల దుకాణము నడిపెను. ఆయన తీపి అమ్మి దంతవైద్యులను తయారుచేసెను. మనము తీపి పంచి వారికి రోగులను తయారుచేయుదము. ఆ వృత్తి భవిష్యత్తునకు మనము మనఃపూర్వకముగా చేయు సహాయము ఇదొక్కటియే గనుక, ఇందులో లోభింపరాదు.