రాగం మనది, తాళం వాళ్ళది

పది రోజులుగా నా పాటలు నాకే పాడనంటున్నాయి. 2006లో న్యూజెర్సీలో ఉద్యోగం వెలగబెడుతూ, ఒక్కోటి 99 సెంట్లు పోసి కొన్నవి, 31 పాటలు. కొత్త కంప్యూటర్లో నొక్కితే ‘అనుమతి లేదు’. ఆ అనుమతి ఇవ్వాల్సిన కొట్టు ఎప్పుడో కట్టేశారు. అమ్మినవాడు ఇల్లు మనకిచ్చి, తాళంచెవి మొలలో దోపుకుని ఊరొదిలేశాడన్నమాట! ఇది నా ఒక్కడి గోడే కాదులెండి. 2008లో మైక్రోసాఫ్ట్ కూడా తన ఎమ్మెస్సెన్ మ్యూజిక్ పాటలకు అనుమతులిచ్చే సర్వర్లు ఆపేస్తానంది. కొన్నవాళ్ళు గగ్గోలు పెడితే 2011 చివరిదాకా గడువిచ్చింది.

“యూట్యూబ్‌లో ఊరికే వస్తుంటే పాటలకోసం ఈ పాట్లేమిటండీ?” అంది మా ఆవిడ.

“డబ్బు పెట్టి కొన్నానోయ్!”

ఆవిడ చూసిన చూపులో ఆ ముప్పై డాలర్ల లెక్కంతా ఉంది.

ఉపాయం పాతదే. కొనప్రాణంతో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పాటల్ని ఆడియో సీడీకి ఎక్కించి, మళ్ళీ ఎంపీత్రీలుగా దించుకోవడం. సీడీకి తాళం సంగతి తెలియదు. కోఠీలో ఖాళీ సీడీలు అడిగితే, కొట్టు కుర్రాడు తాళపత్రాలు అడిగినట్టు చూశాడు. చట్టమంటారా? మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులకు గండికొట్టే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళదాకా జైలంటుంది. నా ఉద్దేశం ఉల్లిపాయలు తరుగుతూ వినడం.

తాళమంటే క్యాసెట్టుది! వీపున రెండు మూలలా రెండు ప్లాస్టిక్ చెవులు. విరిచేస్తే ఇక దానిమీద ఏదీ రికార్డు కాదు. టేప్‌రికార్డర్ లోపల ఓ చిన్న మీట ఆ చెవిని తడిమి చూసేది. చెవి తగలకపోతే ఎర్ర బొత్తాం చచ్చినా దిగేది కాదు. దుకాణంలో కొన్న పాటల క్యాసెట్లు చెవులు లేకుండానే వచ్చేవి. అయితేనేం, ఆ కన్నంలో కాగితం కుక్కితే సరి. మా వీధిలో స్థితిమంతులు సెలోటేపు అతికించేవాళ్ళు. నేను లెక్కల నోటుబుక్కు మూల చింపి, నమిలి, కూరేవాణ్ణి. ఆరిందా, సిమెంటే. రూళ్ళ కాగితం అంత బాగా ఆగేది కాదు, గళ్ళ కాగితమే మేలు. ఇందులో నాకు శిష్యులు కూడా ఉండేవాళ్ళు.

అలా ఓసారి, పేరు రాయని క్యాసెట్టొకటి దొరికితే కన్నం పూడ్చి, రేడియోలో వస్తున్న సినిమా పాటలు నింపేశాను. అందులో ఉన్నది పోయిన మా నానమ్మ గొంతనీ, చెవులు విరిచింది నాన్నేననీ రాత్రికి గానీ తెలియలేదు. నాన్న నన్నేమీ అనలేదు. ఆ పాటలన్నీ రెండువైపులా చివరిదాకా విన్నాడు, మధ్యలో ఎక్కడైనా ఆవిడ మిగిలిందేమోనని.