నేను స్పేస్‌ని

కీబోర్డు మీద అందరికంటే పొడుగు మీట నాది. ఆస్కీ పట్టికలో నా సంఖ్య 32. వెబ్ చిరునామాల్లో నన్ను %20 అని రాస్తారు. ఫైలు పేరులో నేనుంటే స్క్రిప్టులు చెడిపోతాయని నా మీద ఒక పాత నింద ఉంది. చెడిపోయేమాట నిజమే. కానీ తప్పు నాది కాదు, నేనున్న పేరును జాగ్రత్తగా పట్టుకోని స్క్రిప్టుది.

యునిక్స్‌లో ఫైలు పేరుకు పనికిరానివి రెండే: స్లాష్, శూన్య బైటు. నాకు అడ్డేమీ లేదు. అయితే కమాండును మాటలుగా విడగొట్టే పని కూడా అక్కడి షెల్ నాకే అప్పగించింది. చిక్కంతా ఈ రెండు కొలువుల మధ్యనే. ఒక కంప్యూటర్‌లో ‘ఆదోని’ అని ఒక ఫోల్డరు, ‘ఆదోని పత్తి’ అని ఇంకొకటి ఉన్నాయనుకోండి. రెండోదాన్ని తీసేయడానికి దాని పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి, కోట్స్ లేకుండా ఆర్ఎం -ఆర్ కమాండుకు అందిస్తే, షెల్ నా దగ్గర పేరును రెండు ముక్కలు చేస్తుంది. ఉండాల్సిన ‘ఆదోని’ పోతుంది, పోవాల్సిన ‘ఆదోని పత్తి’ మిగులుతుంది. వేరియబుల్‌కు అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టి ఉంటే పేరు ఒక్కటిగానే చేరేది. 2001లో ఒక మ్యూజిక్ ప్లేయర్ ఇన్‌స్టాలర్ ఈ కోట్స్ మరిచే, డిస్కు పేరులో నేనున్నచోట కొందరి డేటాను తుడిచిపెట్టింది. మూతి కుట్టని మూటలోంచి పత్తి రాలితే పత్తిని తిడతామా?

అండర్‌స్కోర్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా అంటారు. ఎవరి ప్రాజెక్టులో వారు పెట్టుకునే పేర్లకు ఆ సలహా మంచిదే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మేక్ అనే బిల్డ్ పరికరం తన జాబితాలన్నిటినీ నాతోనే విడదీస్తుంది; అక్కడ కోట్స్ పనిచేయవు, బ్యాక్‌స్లాష్ కొన్నిచోట్లే ఆదుకుంటుంది. అలాంటిచోట నేను తప్పుకోవడమే మేలని ఒప్పుకుంటాను. కానీ పేర్లన్నీ ప్రోగ్రామర్లే పెట్టరు. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని 1938లో స్థాపించిన మాచాని సోమప్ప ఫొటోను దాచుకునేవారు ‘మాచాని సోమప్ప’ అనే పేరు పెడతారు. మనుషుల పేర్లు రాసే తీరే అది. విండోస్ 95 అయితే తన సొంత ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డరులోనే నాకు చోటిచ్చింది. వాడేవారిని మార్చడం కన్నా స్క్రిప్టును దిద్దడం తేలిక.

తాళపత్రాల మీద తెలుగు నేను లేకుండానే నడిచింది, ఇప్పుడెందుకు అనేవారూ ఉంటారు. ఆ రాతను చదివినవారికి భాష తెలుసు. మాట ఎక్కడ తెగుతుందో అర్థాన్ని బట్టి పోల్చుకున్నారు. షెల్‌కు అర్థం తెలియదు. ఏది ఒక పేరో దానికి రాసేవారే చెప్పాలి.

చెప్పే దారులు తెలిసినవే. వేరియబుల్‌ను ఎప్పుడూ కోట్స్‌లో పెట్టాలి. పేర్ల జాబితాను ఎల్ఎస్ నుంచి ఏరుకోకూడదు. ఫైండ్ నుంచి ఎక్స్‌ఆర్గ్స్‌కు పేర్లు పంపేటప్పుడు ప్రింట్0 వాడి శూన్య బైటుతో విడదీయాలి, అది ఏ పేరులోనూ ఉండదు గనుక. ఇవన్నీ చేశామో లేదో తేల్చుకోవడానికి స్క్రిప్టును పదిమందికి ఇచ్చేముందు, పేరులో నేనున్న ఫోల్డరులో డమ్మీ ఫైళ్లు పెట్టి నడిపి చూడండి. అక్కడ తప్పితే దిద్దాల్సింది ఫోల్డరు పేరును కాదు.