పదికి ఏడు పాయింట్ ఎనిమిది

మా మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడని కాలేజీవాళ్లు అనుకుంటున్నారు. నిజానికి వాడు న్యాయమూర్తి. అగ్రికోలో మా క్వార్టరు వెనకగదే కోర్టు. కిటికీకి పాత దుప్పటి కట్టుకుని, ప్రపంచంలో ఎవరు ఏ గేము తీసినా, ఏ సిరీస్ వదిలినా అక్కడి నుంచే మార్కులు వేస్తుంటాడు. అవీ ముతక మార్కులు కావు. ఓ గేముకి 7.8, ఓ సిరీస్‌కి 8.3. లెక్కల పేపర్లో నూటికి ముప్ఫై అయిదు తెచ్చుకోవడానికి వాడు పడ్డ అవస్థ కళ్లారా చూసినవాణ్ణి. అందుకే ఆ చుక్క తర్వాతి అంకె ఎక్కణ్ణుంచి ఊడిపడుతోందా అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అది ఫీల్ మావయ్యా," అన్నాడు.

ఏ ఊళ్లో అన్నా అనొచ్చుగానీ ఈ ఊళ్లో అనకూడని మాట అది. జంషెడ్‌పూర్ అన్నం తినేదే చుక్క తర్వాతి అంకె మీద. ఉక్కులో కార్బన్ 0.2 శాతం ఉంటే అది వంచితే వంగే ఇంటి కడ్డీ. 0.8 దగ్గరికొచ్చిందా, పదును నిలిచే సరుకు. 2 దాటిందంటే సమ్మెట దెబ్బకి పగిలే పోత ఇనుము. శ్రీకాకుళం నుంచి "టాటా" వచ్చిన మా నాన్న, లేబరేటరీలో ముప్ఫై ఏళ్లు ఆ చుక్క తర్వాతి అంకె చూసే మమ్మల్ని పెంచాడు. రిపోర్టులో కార్బన్ శాతం ఎదురుగా "ఫీల్" అని రాసి ఉంటే, ఆ సాయంత్రమే టాటానగర్ స్టేషన్లో తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టేవాళ్లు.

పైగా మా పేట పేరు అగ్రికో. పలుగూ పారా గునపం చేసే టాటా అగ్రికో పేరు అది. 1920ల నాటి ముచ్చట. పార మంచిదో కాదో మట్టి చెబుతుంది, గట్టు చెబుతుంది, సాయంత్రానికి కూలివాడి నడుం చెబుతుంది. పదికి ఎంతని ఏ రైతూ అడగలేదు.

వాణ్ణి ఒక్కణ్ణీ అని ఏం లాభం, గురువులే అలాంటివాళ్లు. 2014లో ఐజీఎన్ అనే అమెరికా గేముల పత్రికవాళ్లు కొత్తగా ముస్తాబు చేసిన రెండు పోకెమాన్ గేములకి 7.8 ఇచ్చి, లోపాల కింద నీళ్లు మరీ ఎక్కువని రాశారు. లోకం పొట్ట పట్టుకు నవ్వింది. కోనసీమ చూసొచ్చి "కొబ్బరిచెట్లు ఎక్కువ, అందుకే రెండు మార్కులు కోశాం" అన్నట్టు లేదూ? పాపం, రాసినావిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ గేములో చాలా దారి సముద్రం మీదే, ఎదురయ్యేవీ ఎక్కువగా నీటిజాతి పోకెమాన్‌లే. ఆ సంగతి విడమరచి చెబితే విమర్శ అయ్యేది. పక్కన 7.8 అని పెట్టేసరికి సామెత అయి కూర్చుంది. ఇన్నేళ్లయినా జనానికి గుర్తున్నది ఆ అంకే, ఆ నీళ్లే. ఆవిడ చెప్పిన మిగతాదంతా ఆ నీళ్లలోనే కొట్టుకుపోయింది.

మావాడి దగ్గర అంకె కన్నా పెద్ద ఆయుధం ఇంకోటుంది. గంటలు. ఎవరైనా ఎదురు చెబితే "నువ్వు ఎన్ని గంటలు ఆడావు?" అంటాడు. స్టీమ్ అనే గేముల అంగట్లో కొన్న ప్రతి గేము పక్కనా ఎన్ని గంటలు ఆడామో లెక్క పడుతుందట, గేటు దగ్గర హాజరు పడ్డట్టు. ఒక గేము పక్కన వాడికి 1,400 గంటలున్నాయి. నేను కాగితం తీసుకుని ఎనిమిదితో భాగించాను. 175 డ్యూటీలు. ఆదివారాలు తీసేస్తే ఇంచుమించు ఏడు నెలల ఉద్యోగం. టాటా కంపెనీ ఎనిమిది గంటల పని పెట్టింది 1912లోనే. వెనకగదికి ఆ సంస్కరణ ఇంకా అందలేదు. అక్కడ ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అన్నీ ఒకడే చేస్తున్నాడు, ఓవర్‌టైమ్ లేకుండా.

"ఇంతకీ ఆ గేముకి ఎంతిచ్చావురా?"

"4.5. చెత్త గేము."

"చెత్తని తెలుసుకోడానికి 1,400 గంటలు పట్టిందా?"

"పూర్తిగా ఆడకుండా తీర్పు చెప్పకూడదు మావయ్యా. అన్యాయం."

ఆ న్యాయబుద్ధికి నా కళ్లు చెమర్చాయి. అయితే ఇదే న్యాయమూర్తి 2023 డిసెంబర్లో జీటీఏ 6 అనే గేము మొదటి ట్రైలర్ వచ్చిన రోజునే దానికి 9.6 వేశాడు. నిమిషంన్నర ట్రైలర్! అదేమని అడిగితే "తీసేది రాక్‌స్టార్ వాళ్లు కదా" అంటాడు. అంటే చెత్త అనడానికి సాక్ష్యం కావాలి, గొప్ప అనడానికి ఇంటిపేరు చాలు. ఊరి పేరైనా సరే. ప్రియాంకా చోప్రా జంషెడ్‌పూర్లో పుట్టింది, మాధవన్ జంషెడ్‌పూర్లో పుట్టాడు కాబట్టి వాళ్లున్న సిరీస్ ఏదైనా వాడి పట్టికలో ఒక మార్కు ముందు నుంచే మొదలవుతుంది. బిష్టుపూర్ మార్కెట్లో తెలిసిన కొట్టువాడు కొసరు వేసినట్టు.

ఇంకో విచిత్రం వాడి జ్ఞాపకాలు. "వైస్ సిటీ రోజులే వేరు మావయ్యా, ఇప్పటి గేముల్లో ఆత్మ లేదు," అని నిట్టూరుస్తాడు. వైస్ సిటీ వచ్చింది 2002లో. వీడు పుట్టింది 2005లో. గతజన్మలో ఆడాడేమో. పబ్జీ విషయంలోనూ అంతే. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం ఆపేసిన 118 యాప్‌లలో అదీ ఒకటి, ఆ రోజు వీడు రాత్రి అన్నం మానేశాడు. మర్నాడు పొద్దున్న రెండు పూటలదీ కలిపి తిన్నాడనుకోండి. 2021 జులైలో అదే గేము బీజీఎంఐ అన్న పేరుతో తిరిగొచ్చింది. నెత్తురు రంగు ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారింది, చంపడాన్ని "ఫినిష్" అన్నారు. మావాడు ఆ ఒక్కదానికే మార్కులు కోశాడు. "చస్తే చచ్చినట్టుండాలి మావయ్యా" అన్నాడు. ఆకుపచ్చ నెత్తురుతో చస్తే వాడికి తృప్తిగా లేదట. ఆత్మ లేదట.

ఈ ఆత్మ అన్నమాట వింటే నాకు భయం. ఎందుకంటే నేనూ వాడాను. మా చిన్నప్పుడు సాక్చీ బజార్లో కొన్న వీడియో గేము డబ్బాకి పసుపురంగు క్యాసెట్ ఉండేది. దాని మీద "9999 ఇన్ 1" అని ఉండేది. లెక్కపెడితే గేములు డజనో, డజనున్నరో. మిగతావన్నీ అవే, పేర్లు మార్చి. మారియో ఒక పేజీలో మీసంతో, ఇంకో పేజీలో ఇంకో పేరుతో. అది ఆడకపోతే తీసి, కింద రాగిపట్టీల మీద ఉఫ్ఫని ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. ఆడేది. అలా ఊదొద్దు, తడికి పాడవుతాయని అసలు కంపెనీ నింటెండోవాళ్లే తర్వాత చెప్పారు. అయినా "మా రోజుల్లో గేముకి ప్రాణం మేమే ఊదేవాళ్లం" అని ఈ మధ్య ఓ పెళ్లి భోజనాల్లో అనేశాను. పక్కాయన నాకేసి అదోలా చూశాడు. నేను మావాడికేసి చూసే చూపు అదే.

కాబట్టి నా గొడవ వాడి ఇష్టం మీద కాదు. ఇష్టపడనీ, ఏడు నెలలు కాదు ఏడేళ్లు ఆడనీ. "నాకు నచ్చింది" అని రెండు ముక్కలు చెప్పి ఊరుకోడానికి వాడికి నోరు రాదు, అదీ నా గొడవ. నచ్చినదానికి తూనికరాళ్లు కావాలి, ముద్ర కావాలి, గెజిట్లో పడాలి. ప్రతి తీర్పూ "ఇది నా పర్సనల్ ఒపీనియన్ మాత్రమే" అనే మొదలుపెడతాడు. ఎంత వినయమో! కాదన్నారా, "నీకు టేస్ట్ లేదు" అని ముగిస్తాడు. ముందు దణ్ణం, వెనక కర్ర.

సరే, వాడి తూనికతోనే వాణ్ణి తూచుదామనుకున్నాను. ఎవరు ఎక్కువసేపు కూర్చుంటే వాళ్ల మాట చెల్లాలి కదా? వాడు గర్వంగా చెప్పుకునే గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎనిమిది సీజన్లూ కలిపి 73 ఎపిసోడ్లు. మా అమ్మ చూసిన కార్తీకదీపం 2017 నుంచి 2023 దాకా పదిహేను వందల ఎపిసోడ్ల పైమాట, రెండో భాగం లెక్కలోకి రాకుండానే. ఒక్కటీ ముందుకి జరపలేదు, ఒకటిన్నర స్పీడులో చూడలేదు. ఆ లెక్కన మా క్వార్టర్లో ప్రధాన న్యాయమూర్తి ఎవరు?

అటువైపు చూడండి. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ ముగింపు నచ్చలేదని, చివరి సీజన్ మళ్లీ తీయమని పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. మావాడూ పెట్టాడు. వరదకి ఇళ్లు పోయినవాళ్ల అర్జీ కూడా అంత శ్రద్ధగా నింపరు. ఇటు కార్తీకదీపంలో డాక్టర్‌బాబు పెళ్లాన్ని అనుమానించి ఏళ్లకేళ్లు సీరియల్ నడిపితే మా అమ్మ మాత్రం బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తలెత్తకుండా, "ఆ రగతం పరీచ్చ ఒకటి సేయించీసుంటే నాలుగు రోజుల్లో తేలిపోను. ఇంత సదువూ సదివి ఏటి లాభం!" అంది. ఆ సీరియల్ మీద ఊళ్లో వెయ్యిమంది వెయ్యి జోకులేశారు, మొత్తం కలిపినా అంతకు మించి ఏమీ లేదు. అలా అనేసి మర్నాడు ఏడున్నరకల్లా మళ్లీ టీవీ ముందు కూర్చుంది.

మొన్న కోర్టుని వెనకగదిలోంచి హాల్లోకి మార్పించాను. మావాడు నోట్‌బుక్ తెచ్చుకున్నాడు. టీవీలో ప్రకటనలు వస్తున్నాయి.

"అమ్మమ్మా, కార్తీకదీపానికి పదికి ఎంతిస్తావు?"

"పదికేటి నాన్నా?"

"అంటే ఎంత బాగుంది అని. మార్కులు."

"బాగున్నాదో నేదో నాకేటి తెలుసు. రేపేటవుతాదో సూడాల." చాటలోంచి ఓ మట్టిబెడ్డ తీసి పక్కన పెట్టింది. "అడ్డు తప్పుకో, వచ్చీసింది."

వాడు తప్పుకున్నాడు. తప్పుకుని నోట్‌బుక్‌లో 6.4 అని రాసుకున్నాడు. అది సీరియల్‌కో, మా అమ్మకో అడగలేదు.