రోజుకో వీడియో వినకండి

ఇంగ్లీషు చెవికి పట్టాలంటే టెడ్ ప్రసంగాలు వినమని అందరూ చెబుతారు. నేనూ అదే చెబుతాను, కాకపోతే కాస్త తలకిందులుగా. రోజుకో కొత్త వీడియో మానేసి నెలకొకటి పట్టుకోండి. అందులో ఏముందో వినకముందే పూర్తిగా తెలుసుకోండి. మొదట్లో అమెరికన్ల జోలికి పోకండి.

హాన్స్ రోస్లింగ్ 2006లో ఇచ్చిన ప్రసంగంతో మొదలుపెట్టండి. ఆయన స్వీడన్ డాక్టరు, ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు. తెర మీద దేశానికో బుడగ ఉంటుంది. అడ్డగీత మీద ఒక్కో తల్లికి ఎంతమంది పిల్లలో, నిలువుగీత మీద ఆయుర్దాయం ఎన్నేళ్లో. 1962 నుంచి ఏళ్లు గడుస్తుంటే బుడగలు జరుగుతూ పోతాయి, ఆయన క్రికెట్ కామెంటరీలాగా గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతారు. మాట అందకపోయినా బుడగ ఎటు పోతోందో కనిపిస్తూనే ఉంటుంది. అర్థం కోసం తంటాలు పడే పని తప్పితేనే చెవి శబ్దాన్ని పట్టించుకుంటుంది.

టెడ్ సైటులో ప్రసంగం మొత్తం అచ్చులో దొరుకుతుంది. ముందు అది చదివేయండి. కొన్నిటికి తెలుగు సబ్‌టైటిల్స్ కూడా ఉన్నాయి, మొహమాటపడకుండా వాడుకోండి. వినడం మొదలయ్యాక మాత్రం అవి ఆపేయాలి. తెర మీద అక్షరాలున్నంతసేపూ మనం చేసేది చదవడమే.

ఇక అసలు పని. రోజుకు అర నిమిషం ముక్క చాలు. విన్నది విన్నట్టు నోట్‌బుక్కులో రాయండి. అందకపోతే కంప్యూటర్లో ఎడమ బాణం నొక్కండి, యూట్యూబ్ 5 సెకన్లు వెనక్కి పోతుంది. అచ్చుతో పోల్చి చూస్తే ఖాళీలు ఎక్కడ పడ్డాయో తెలుస్తుంది. చాలాసార్లు అవి పెద్ద పెద్ద మాటల దగ్గర పడవు. ‘వాంట్ టు’ వానా అయినచోట, ‘డిడ్ యూ’ డిజూ అయినచోట పడతాయి. బళ్లో మాటకు మాట విడదీసి చదివిన చెవులు మనవి. ఆ ముక్కను వక్త అన్నట్టే పైకి అనండి, నోటికి పట్టిన శబ్దాన్ని చెవి తేలిగ్గా గుర్తుపడుతుంది. స్పీడు మాత్రం తగ్గించకండి. కలిసిపోయిన మాటలు నెమ్మదిగా వింటే విడిపోవు, సాగుతాయంతే.

రెండో నెలకు రచయిత్రి చిమమాండా అడీచీ 2009 ప్రసంగం తీసుకోండి. నైజీరియా యాసకూ చెవి అలవాటవుతుంది.

మూడో నెల నుంచి టెడ్ ఆపేయండి. అక్కడ సాధారణంగా 18 నిమిషాల్లో ముగించాలి కాబట్టి వక్తలు గట్టిగా రిహార్సల్ చేసుకుని వస్తారు. ఆఫీసు కాల్‌లో అలా ఎవరూ మాట్లాడరు. సగంలో ఆగుతారు, ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తారు. అందుకని ఇంటర్వ్యూలకు మారండి, అదే అర నిమిషం లెక్కన. తర్వాత చూద్దామని దాచుకున్న వీడియోల జాబితాలో ఈ రాత్రే ఒక్కటి ఉంచి, మిగతావన్నీ తీసేయండి.