23 కిలోల ముందుజాగ్రత్త

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన అమ్మానాన్నలకు ప్రయాణ జాగ్రత్తలు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. వీసా ఇంటర్వ్యూకి ముందే చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నారు, స్టాంపు పడగానే 108 చేసి బాకీ తీర్చుకున్నారు. ఇక మిగిలింది కాటా. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. కొక్కేనికి తగిలించి ఎత్తితే 23.4 చూపిస్తుంది. ఆ నాలుగొందల గ్రాముల మీద ఇంటిల్లిపాదీ అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. కందిపొడి తీయాలా, అల్లుడి లుంగీలు తీయాలా? అల్లుడివే తీస్తారు.

పచ్చళ్ల కొట్టువాడు ఆవకాయకు మూడు కవర్లు తొడిగి, మిషన్ మీద సీలు కొట్టి, పైన టేపు చుట్టి ఇస్తాడు. ఆ జాగ్రత్తలో వీసమెత్తు కూడా మందులకు దక్కదు. స్ట్రిప్పులు కత్తిరించి, పేర్లు పోగొట్టి, డాక్టరు చీటీ ఇంట్లోనే వదిలేసి, ఆర్నెల్ల మాత్రలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేస్తారు. చేతిసంచిలో జంతికలు ఉన్నాయి కాబట్టి ఆ కవరు చెకిన్ పెట్టెలోకి పోతుంది. పెట్టె దోహాలో ఆగిపోతే బీపీ కూడా దానికి తోడుగా అక్కడే ఆగుతుందని ధీమా.

దిగగానే చెప్పాల్సిన మాట కొడుకు ముందే బట్టీ పట్టించాడు: ‘నో ఫుడ్’. పెట్టెలోంచి మాగాయ ఘాటు అధికారి ముక్కుదాకా వస్తున్నా సరే, నో ఫుడ్. నిజానికి కాయగూర పచ్చళ్లు ఉన్నాయని చెబితే మామూలుగా చూసి వదిలేస్తారు. దాచినందుకే జరిమానా పడుతుంది, అదీ వందల డాలర్లలో. వాళ్లు నిజంగా భయపడేది పక్క పొట్లంలోని పచ్చి కరివేపాకుకు. అది నిమ్మజాతి మొక్క. దాని మీద బతికే చిన్న పురుగు మోసుకొచ్చే తెగులు ఫ్లోరిడా నారింజ తోటలను ఊడ్చేసింది. కానీ తాలింపులో కరివేపాకు లేకపోతే మనవడు తెలుగు మర్చిపోడూ?

అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు చక్రాల కుర్చీ. పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచే నాన్నకు కొడుకు ఆన్‌లైన్‌లో మోకాళ్ల నొప్పులు తెప్పిస్తాడు. ఆయన్ని తప్పుపట్టను. తెలుగులో దారి చెప్పే మనిషి ఏ విమానాశ్రయంలోనూ ఎదురుపడడు, కుర్చీ తోసేవాడే ఆయనకు దుబాసి. అయితే నిజంగా కాళ్లు లేవని ముసలమ్మ ఆ కుర్చీ కోసమే గేటు దగ్గర ఎదురుచూస్తుంటుంది. పైగా పదహారు గంటలు కాలు కదపకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, మధ్యమధ్య లేచి తిరగమని డాక్టర్లు మొత్తుకుంటారు. కుర్చీ బుక్ చేసుకున్నవాడు లేచి తిరిగితే పరువేం కావాలి? మహిమ జరిగేది మాత్రం బెల్టు దగ్గర. తన పెట్టె కనబడగానే నాన్న కుర్చీలోంచి లేచి 23 కిలోలు ఒంటిచేత్తో లాగేస్తాడు.

ఇన్సూరెన్స్ మాటెత్తి చూడండి. ‘‘శుభమా అని బయల్దేరుతుంటే అవేం మాటలండీ!’’ తీరా తీసుకున్నా, ప్రీమియం పెరుగుతుందని షుగరు సంగతి రాయరు. ముందే ఉన్న జబ్బుకు డబ్బు రాదన్న సన్నక్షరాలు చదవరు. అవి అక్కడి ఆసుపత్రి బిల్లు కౌంటర్లో అబ్బాయి చదువుతాడు, నిలబడి. వీసా పదేళ్లుంది కదా అని తిరుగు టిక్కెట్టు తేలిగ్గా జరిపేవాళ్లూ ఉన్నారు. ఎన్నాళ్లుండొచ్చో వీసా చెప్పదు, దిగినప్పుడు ఐ-94లో వేసే తేదీ చెబుతుంది. ఆ తేదీ ఎప్పుడో చూసినవారు చేతులెత్తండి.

ఇదంతా కలిగినవాళ్ల కామెడీ. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో దుబాయి పోయే పిల్లగానికి కాటా కూడా అక్కర్లేదు, ఒక్కటే బ్యాగు. అందులో అమ్మ మటన్ మసాలాకని గసగసాల పొట్లం పెట్టింది. మన వంటింట్లో దినుసు, అక్కడ మత్తుపదార్థాల కేసు. బ్రోకరన్నకు ఆ సంగతి తెలిసినా చెప్పడు. ఆయన చెప్పేది ఒక్కటే: ‘‘విజిట్ మీద పో తమ్మీ, దిగినంక కంపెనీ వీసా మారుస్తం.’’

పది పాసు కాని పిల్లగాని పాస్‌పోర్టుకు పని వీసా మీద పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా కట్టాలి. రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. విజిట్ మీద పోతే ఈ తతంగమేదీ ఉండదు, పని చేసే హక్కూ ఉండదు. ఇల్లు కుదువబెట్టి బ్రోకరు చేతిలో లెక్కపెట్టి పోసినప్పుడు ఎవరికీ బరువనిపించలేదు. ఆ 275 దగ్గర మాత్రం అన్నకు తమ్ముడి ఖర్చు మీద ఎక్కడలేని దయ పుట్టుకొచ్చింది: ‘‘అవన్నీ వేస్టు తమ్మీ.’’

విమానం ఎక్కేదాకా పూటకోసారి ఆయనే ఫోన్ చేసిండు. దుబాయి గడియారానికీ మనదానికీ తేడా గంటన్నరే. బ్రోకరు లెక్కలో మాత్రం ఆ గంటన్నర విజిట్ వీసా గడువు దాటేదాకా సాగుతుంది, అప్పటిదాకా ఆయన నిద్రలోనే ఉంటాడు.